ఆధార్ చూసి ఇచ్చేయండి, జిరాక్స్ ఉంచుకోవద్దు

ఎడిటర్ గారికి నమస్కారం,

మాది సూర్యాపేట. ఇక్కడ జిరాక్స్, నెట్ సెంటర్ నడుపుతున్నా, చాలా ఏళ్ల నుంచి ఇదే పని. పొద్దున షట్టర్ లేపింది మొదలు రాత్రి దించేదాకా మా మెషిన్ గ్లాస్ మీద ఎక్కువసార్లు పడేది ఆధార్ కార్డే, దాని తర్వాత బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ. నా ఇల్లు గడిచేదే ఈ జిరాక్సుల మీద, అయినా చెప్తున్నా, మా షాపులో రోజూ తీసే ఆధార్ జిరాక్సుల్లో చాలావరకు అక్కర్లేనివి, చట్టం అడగనివి, తీసుకున్నవాళ్లు కూడా చదవనివి, ఆ తర్వాత ఏ మూల పడి ఉంటాయో ఎవరికీ తెలియనివి. కార్డు అడగండి, చూడండి, చూసి మనిషి చేతిలో పెట్టేయండి, దానికి నాకేం అభ్యంతరం లేదు. కాపీ తీసి ఫైల్లో పెట్టుకునే అలవాటు మాత్రం ఆగాలి, ఎందుకో వివరంగా రాస్తున్నా, కొంచెం పెద్దదైనా వేయమని మనవి.

ఎవరెవరు అడుగుతున్నారో చూడండి. రేషన్, పెన్షన్, స్కాలర్‌షిప్ అంటే సరే, అవి ప్రభుత్వ డబ్బుతో నడిచేవి, వాటికి ఆధార్ కావాలని చట్టమే చెప్తుంది. కానీ ఫంక్షన్ హాల్ బుక్ చేస్తే జిరాక్స్, అద్దెకి రూమ్ తీసుకుంటే ఇంట్లో ఉన్న అందరివీ జిరాక్సులు, లాడ్జిలో ఒక్క రాత్రి పడుకుంటే జిరాక్స్, జిమ్‌లో చేరితే జిరాక్స్, పిల్లగాడిని ఖోఖో పోటీలకి పంపాలంటే వాడిది ఒకటి, వాళ్ల నాన్నది ఒకటి. వచ్చినవాళ్లని "దేనికమ్మా ఇది" అంటే "ఏమో సార్, తెమ్మన్నరు" అంటారు. "ఎన్ని కావాలె" అంటే "మూడు తియ్యుండ్రి, మళ్ల అడిగితే తిరుగుడు ఎవరితోని అయితది" అంటారు. అడగని కాపీలు కూడా ముందే తీసి సంచిలో పెట్టుకుని తిరిగే స్థితికి మనుషుల్ని తెచ్చాం మనం. ఏదైనా ఆఫీసులోకి పోతూ దారిలో మా షాపు దగ్గర ఆగి "ఎందుకైనా మంచిది" అని రెండు కాపీలు తీసుకుపోయే ముసలాయనలు మాకు రెగ్యులర్ కస్టమర్లు.

ఇప్పుడు చట్టం సంగతి. కె.ఎస్. పుట్టస్వామి గారని కర్ణాటక హైకోర్టు రిటైర్డ్ జడ్జి, 2012లో, అప్పటికి ఆయనకి 86 ఏళ్లు, ఆధార్ మీద సుప్రీంకోర్టుకి పోయారు. ఆ కేసులోనే 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది జడ్జీలు ఒక్క మాట మీద, ప్రైవసీ అనేది రాజ్యాంగం ఇచ్చిన ప్రాథమిక హక్కు అని తీర్పు చెప్పారు. తర్వాతి ఏడాది సెప్టెంబర్ 26న ఆధార్ మీద తీర్పు వచ్చింది, నలుగురు ఒక వైపు, జస్టిస్ చంద్రచూడ్ గారు ఒక్కరు ఇంకో వైపు. మెజారిటీ తీర్పే చూసుకున్నా, సంక్షేమ పథకాలకి, పాన్ కార్డుకి ఆధార్ ఉండొచ్చు అన్నారు గానీ, బ్యాంకు ఖాతాకి, సిమ్ కార్డుకి తప్పనిసరి కాదన్నారు, స్కూల్ అడ్మిషన్‌కి ఆధార్ లేదని పిల్లల్ని వెనక్కి పంపొద్దన్నారు, ప్రైవేట్ కంపెనీలు ఇష్టమొచ్చినట్టు అడగటానికి వీలిచ్చిన ఆధార్ చట్టం సెక్షన్ 57లోని భాగాన్ని కొట్టేశారు. 2019లో చట్టం మార్చి బ్యాంకులకి, టెలికాం వాళ్లకి మళ్లీ దారి ఇచ్చినా అది మనిషి తనంతట తాను ఇస్తేనే, వేరే గుర్తింపు కార్డు చూపిస్తా అంటే ఒప్పుకోవాలి, ఆధార్ ఇవ్వలేదని సర్వీసు ఆపకూడదు. 2025 జనవరిలో రూల్స్ ఇంకొంచెం సడలించి ప్రైవేట్ సంస్థలు కూడా ప్రభుత్వ అనుమతి తీసుకుని ఆధార్ ఆథెంటికేషన్ వాడుకోవచ్చన్నారు, అక్కడ కూడా మనిషి ఒప్పుకోవాలి. అది నాకు పెద్దగా నచ్చలేదు, కానీ గమనించండి, అక్కడ మాట్లాడేది ఆన్‌లైన్లో సరిచూసుకోవటం గురించి. ఫంక్షన్ హాల్ మేనేజర్ నా ఆధార్ కాపీ తీసి బీరువాలో పడేసుకోవాలి అని ఏ చట్టంలోనూ లేదు.

ఇంకో సంగతి, ఇది మా పనిలో ఉన్నవాళ్లకి బాగా తెలుసు. బ్లాక్ అండ్ వైట్ మెషిన్ మీద ఆధార్ జిరాక్స్ తీస్తే ఫొటో నల్లటి మచ్చలాగా వస్తది, కళ్లు ముక్కు ఏవీ ఆనవు. క్యూఆర్ కోడ్‌లోని చిన్న చిన్న గళ్లన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి, మనం స్కాన్ చేసి చూస్తే చాలాసార్లు రీడ్ అవ్వదు. కార్డు నిజమైనదా కాదా అని తేల్చేది ఆ క్యూఆర్ కోడే, దాంట్లో ఆధార్ ఇచ్చే సంస్థ యూఐడీఏఐ డిజిటల్ సంతకం ఉంటది, కార్డు మీద పేరు మార్చినా ఫొటో మార్చినా స్కాన్ చేస్తే దొరికిపోతాడు. అంటే వెరిఫై చేయటానికి పనికొచ్చే ఒక్క భాగాన్నీ మా మెషిన్ చెడగొట్టి, మిగతా వివరాలు మాత్రం, అంటే పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, ఇంటి నంబరుతో సహా అడ్రస్, పన్నెండు అంకెల నంబరు, ఇవన్నీ శుభ్రంగా అచ్చు వేసి ఇస్తది. దొంగని పట్టటానికి ఆ కాగితం పనికి రాదు, దొంగకి మాత్రం బాగా పనికొస్తది. సెక్యూరిటీ కోసం తీసుకుంటున్నాం అని చెప్పే ప్రతి ఒక్కరికీ ఈ మాట చెప్పాలని ఉంటది నాకు.

జిరాక్స్ ఒక్కటే అయితే ఏదో అనుకోవచ్చు. ఇప్పుడు అందరూ "అన్నా వాట్సాప్ చేస్తా ప్రింట్ తియ్యి" అంటారు. షాపు నంబరు గోడ మీద రాసి ఉంటది, దానికి పంపుతారు. సాయంత్రం ఆ ఫోన్ గ్యాలరీ తెరిస్తే ఊరు ఊరంతా అందులో ఉంటది. మంచం మీద పూల దుప్పటి పైన పెట్టి తీసిన ఆధార్, బండి సీటు మీద పెట్టి తీసినది, పసిపిల్ల చెయ్యి అడ్డం పడ్డది, దాని పక్కనే పాస్‌బుక్, దాని కిందనే ఓటీపీ వచ్చిన స్క్రీన్‌షాట్. పీడీఎఫ్ పంపితే పాస్‌వర్డ్ అడుగుతది కదా, అది పేరులో మొదటి నాలుగు అక్షరాలు, పుట్టిన సంవత్సరం, ఆ విషయం అందరికీ తెలుసు కాబట్టి మమ్మల్నే టైప్ చేసుకోమంటారు. మా షాపులో ప్రింట్ ఇచ్చిన వెంటనే డిలీట్ చేయటం మొదట్నుంచీ పెట్టుకున్న పద్ధతి, కంప్యూటర్లో డౌన్‌లోడ్స్ ఫోల్డర్, రీసైకిల్ బిన్ ఖాళీ చేశాకే రాత్రి షట్డౌన్. కానీ ఇలా చెయ్యమని నాకు ఎవరూ చెప్పలేదు, చెయ్యకపోతే అడిగేవాళ్లూ లేరు, నా మంచితనం మీద జనం భద్రత ఆధారపడటం ఏం పద్ధతి?

జరిగినవి కొన్ని గుర్తు చేస్తా, ఇవన్నీ పేపర్లలో వచ్చినవే. 2017 మే నెలలో సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ వాళ్లు ఒక రిపోర్ట్ ఇచ్చారు, నాలుగు ప్రభుత్వ పోర్టల్స్‌లో దాదాపు 13 కోట్ల ఆధార్ నంబర్లు ఎవరైనా చూసేట్టు పడి ఉన్నాయని. ఆ నాలుగింటిలో రెండు ఆంధ్రప్రదేశ్‌వి, చంద్రన్న బీమాది ఒకటి, ఉపాధి హామీ చెల్లింపులది ఇంకొకటి. హ్యాక్ చేసినవి కాదు, ఆఫీసులు తామే పెట్టుకున్న జాబితాలు. తర్వాతి ఏడాది 2018లో పెద్దపల్లి జిల్లాలో ఒక సిమ్ కార్డుల డీలర్ దొరికాడు, భూముల రిజిస్ట్రేషన్ కాగితాలు వెబ్‌సైట్ నుంచి దింపుకుని వాటి మీద ఉన్న వేలిముద్రలతో రబ్బరు స్టాంపులు చేయించి, ఆధార్ నంబర్లు కూడా వాటి మీదే ఉంటాయి కదా, వేల సిమ్ములు యాక్టివేట్ చేశాడు. ఎకరం భూమి కొనుక్కున్న పాపానికి వాళ్ల వేలు ఇంకొకడి చేతిలో రబ్బరు ముక్క అయింది. పాస్‌వర్డ్ పోతే మార్చుకోవచ్చు, వేలిముద్ర ఎట్లా మార్చుకోవాలి?

ఇక ప్రజాపాలన. 2023 డిసెంబర్ 28 నుంచి 2024 జనవరి 6 దాకా ఆరు గ్యారంటీల దరఖాస్తులు తీసుకున్నారు, ఆ రోజుల్లో మా షాపు ముందు లైను రోడ్డు మీదకి వచ్చింది, భోజనానికి కూడా లేవలేదు. రాష్ట్రమంతా కోటి పాతిక లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి, ప్రతిదానికీ ఆధార్ జిరాక్స్, రేషన్ కార్డు జిరాక్స్ పిన్ను కొట్టి ఇచ్చారు. ముగిసిన రెండు రోజులకే హైదరాబాద్ బాలానగర్ ఫ్లైఓవర్ మీద అట్టపెట్టె బండి మీద నుంచి జారిపడి, హయత్‌నగర్ జనం పెట్టుకున్న దరఖాస్తులు రోడ్డు మీద ఎగిరాయి. ఆ వీడియో అందరం చూశాం. అధికారుల్ని సస్పెండ్ చేశారు, మంచిదే. కానీ నేను ఆ వీడియో చూస్తూ అనుకున్నది, ఆ కాగితాలకి ఆధార్ కాపీ అసలు ఎందుకు కట్టాలి? ఫారం మీద నంబరు రాసే ఉంది, రేషన్ కార్డుకి ఆధార్ ఏనాడో లింకయి ఉంది, ప్రభుత్వం దగ్గర ఉన్నదాన్నే మళ్లీ జనం దగ్గర డబ్బులు పెట్టించి కాగితం మీద తీసుకుంటున్నారు. ఏ పార్టీ ప్రభుత్వం ఉన్నా ఇంతే, ఒక పార్టీని అనటానికి రాయట్లేదు.

ఆధార్ సంస్థకి ఈ సంగతి తెలియక కాదు. 2022 మే 27న బెంగళూరులోని వాళ్ల రీజనల్ ఆఫీసు ఒక ప్రకటన ఇచ్చింది, ఆధార్ ఫొటోకాపీ ఎవరికీ ఇవ్వొద్దు, దుర్వినియోగం అయ్యే అవకాశం ఉంది, చివరి నాలుగు అంకెలు మాత్రమే కనపడే మాస్క్‌డ్ ఆధార్ వాడండి, హోటళ్లకి సినిమా హాళ్లకి కాపీలు తీసుకుని ఉంచుకునే హక్కు లేదు అని. నాకు ఎంత సంతోషమైందంటే ప్రింట్ తీసి షాపు ముందు అంటించా. రెండ్రోజులకే, 29న, కేంద్రం దాన్ని వెనక్కి తీసుకుంది, జనం తప్పుగా అర్థం చేసుకుంటారని కారణం చెప్పి, మామూలుగా జాగ్రత్తగా ఉంటే చాలన్నారు. నా దృష్టిలో ఆ రెండ్రోజులు చెప్పిందే నిజం. జనం భయపడతారని నిజాన్ని దాచటం కంటే జనానికి చెప్పి అడిగేవాళ్లని ఆపటం నయం కదా. ఆధార్ తప్పు అని నేను అనట్లేదు, మా అమ్మకి పెన్షన్ మధ్యవాళ్లు లేకుండా వస్తుందంటే దానివల్లే, ఆ మేలు మేలే. కాపీల సంగతి వేరు.

చూసి ఇచ్చేస్తే పని నడవదా అంటే, మన కళ్ల ముందే నడుస్తోంది. ఆడవాళ్లకి ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం ఇచ్చే మహాలక్ష్మి పథకం 2023 డిసెంబర్ 9న మొదలైంది, రోజూ లక్షల మంది ఆడవాళ్లు బస్సెక్కుతున్నారు. కండక్టర్ ఏం చేస్తాడు, ఆధార్ చూస్తాడు, తెలంగాణ అడ్రస్ ఉందా లేదా చూస్తాడు, జీరో టికెట్ కొట్టి ఇస్తాడు, కార్డు ఆమె పర్సులోకి పోతది. నిండా జనంతో కదిలే బస్సులో, ఒక చేత్తో రాడ్ పట్టుకుని, ఆయన ఆ పని అర నిమిషంలో చేస్తున్నాడు. ఆయనకి ఒక్కొక్కరి జిరాక్స్ కావాలంటే ఆ పథకం ఒక్క రోజు నడిచేది కాదు. మరి ఏసీ గదిలో కుర్చీలో కూర్చున్నవాళ్లకి ఎందుకు కాదు? తిరుమలలో కూడా 2024 ఆగస్టు చివర్నుంచి దర్శనం టోకెన్ లేనివాళ్లకి ఆధార్ చూపిస్తే రెండు లడ్డూలు అన్నారు, నంబరు నమోదు చేసుకుంటున్నారు, అది అవసరమా కాదా అని వేరే చర్చ, కనీసం అక్కడ భక్తుల దగ్గర కాపీలు కట్టలు కట్టట్లేదు.

పోలీసులు అడుగుతారు, రేపు ఏదైనా జరిగితే మేం ఏం చూపించాలి అని లాడ్జి వాళ్లు, హాస్టల్ వాళ్లు, ఇంటి ఓనర్లు అంటారు. ఈ భయాన్ని నేను కొట్టిపారేయను. ఎవరు దిగారో తెలియకుండా గది ఇవ్వమని ఎవరూ అనరు. రిజిస్టర్లో పేరు, ఫోన్ నంబరు, ఏ కార్డు చూశారో, చివరి నాలుగు అంకెలు రాసుకోండి, క్యూఆర్ స్కాన్ చేసి మనిషి ముఖంతో పోల్చుకోండి, పాస్‌పోర్ట్ చూపించినా డ్రైవింగ్ లైసెన్స్ చూపించినా ఒప్పుకోండి. ఇది జిరాక్స్ కంటే గట్టి తనిఖీ. మా చెల్లెలి కూతురు హైదరాబాద్‌లో కోచింగ్‌కి పోయి ఒక లేడీస్ హాస్టల్‌లో చేరింది, సామాన్లు దించటానికి నేనూ పోయా. గేటు దగ్గర టేబుల్ మీద ఒక లావు ఫైలు, అందులో అక్కడున్న ఆడపిల్లలందరి ఆధార్ జిరాక్సులు, వాళ్ల నాన్నలవి కూడా, కొరియర్ అబ్బాయి సంతకం పెట్టించుకోవటానికి వచ్చి పెన్ను కోసం ఆ ఫైలునే పక్కకి జరుపుతున్నాడు. ఏ పిల్లది ఏ ఊరు, ఏ వీధి, ఎప్పుడు పుట్టింది, పేజీ తిప్పితే చాలు. ఇది ఆడపిల్లల రక్షణ కోసమే అని నాకు చెప్పారు. నేను ఒప్పుకోలేదు, ఇప్పుడూ ఒప్పుకోను. మేం మాస్క్‌డ్ ఆధార్ ఇస్తామంటే "నంబర్ ఫుల్‌గా కనపడాలి అంకుల్" అన్నారు, పిల్ల చదువు ఆగకూడదని చెల్లెలు ఇచ్చేసింది. కాదనే హక్కు కాగితం మీద ఉంది గానీ, రూమ్ తాళం వాళ్ల చేతిలో ఉన్నప్పుడు ఆ హక్కు ఎవరు వాడుకోగలరు? అందుకే ఇవ్వొద్దని జనానికి చెప్పటం కంటే అడగొద్దని వాళ్లకి చెప్పాలి అంటున్నా.

కొత్తగా డేటా రక్షణ చట్టం వచ్చింది కదా అంటారు. 2023లో చట్టం చేశారు, రూల్స్ 2025 నవంబర్‌కి గానీ రాలేదు, అసలైన బాధ్యతలు అమల్లోకి రావటానికి ఇంకా పద్దెనిమిది నెలలు గడువు ఇచ్చారు. జరిమానా 250 కోట్ల దాకా ఉంది, వినటానికి గొప్పగా ఉంది. కానీ ఆ చట్టం డిజిటల్ రూపంలో ఉన్న వివరాలకే, లేదా కాగితం మీద తీసుకుని తర్వాత కంప్యూటర్లో ఎక్కించిన వాటికే. కాగితం కాగితంగానే ఉండిపోతే, అంటే హాస్టల్ ఫైలు, లాడ్జి బీరువా, ఫంక్షన్ హాల్ సొరుగు, ఇవి దాని కిందకి రావు. పాత కాగితాలు కిలోల లెక్కన స్క్రాప్ కొట్టుకి పోతాయి, అక్కడ్నుంచి ఎటు పోతాయో చెప్పక్కర్లేదు. మన మండలాల్లో, చిన్న ఊళ్లలో జనం వివరాలు ఎక్కువగా ఉన్నది సర్వర్లలో కంటే ఈ కాగితాల్లోనే, వాటినే చట్టం వదిలేసింది. పార్లమెంటులో మన ఎంపీలు ఎవరైనా ఈ ఒక్క విషయం అడిగితే బాగుండు.

సూపర్ మార్కెట్‌లో బిల్లు కొట్టేముందు ఫోన్ నంబరు అడగటం కూడా ఇలాంటిదే, నంబరు ఇవ్వకపోతే బిల్లు ఇవ్వం అనకూడదని కేంద్ర వినియోగదారుల శాఖ 2023 మేలోనే చెప్పింది. అక్కడ మాత్రం ధైర్యంగా ఇవ్వనని చెప్పండి, చెప్తే ఇచ్చేస్తారు, నేను చెప్తున్నా.

మా షాపుకి వచ్చినవాళ్లకి నేను చేసేది ఇది. కాపీ తప్పక ఇవ్వాల్సి వస్తే కాగితం మధ్యలో, వివరాల మీదుగా పడేట్టు, అడ్డంగా పెన్నుతో రాయిస్తా, ఫలానా చోట ఫలానా పని కోసం మాత్రమే అని, పక్కన తేదీ. మూలకి రాస్తే లాభం లేదు, మూల కత్తిరించి మళ్లీ జిరాక్స్ తీయొచ్చు. అడిగేది పేరు అడ్రస్ కోసమే అయితే యూఐడీఏఐ సైటులో మాస్క్‌డ్ కార్డు దింపి ఇస్తా. వేలిముద్రతో డబ్బులు తీసుకునే పని లేనివాళ్లకి వాళ్ల వేలిముద్ర ఇంకెవరూ వాడకుండా ఆధార్‌లో బయోమెట్రిక్ లాక్ పెట్టి చూపిస్తా, కావాల్సినప్పుడు ఆ లాక్ తీసుకోవచ్చు, దీనికి డబ్బులు తీసుకోను. తోటి జిరాక్స్, మీసేవ వాళ్లు కూడా ఇంత చేస్తే చాలా తేడా వస్తది, మన దగ్గరికే కదా జనం అందరూ వచ్చేది.

ప్రభుత్వాన్ని అడిగేవి రెండే. ఆధార్ కాపీ తీసుకునే ప్రతి చోటా, ఆఫీసైనా లాడ్జి అయినా, ఏ రూలు ప్రకారం తీసుకుంటున్నారు, ఎన్నాళ్లు ఉంచుతారు, ఎవరి దగ్గర ఉంటది, ఆధార్ బదులు ఏ కార్డు ఇవ్వొచ్చు, ఈ నాలుగూ తెలుగులో బోర్డు రాసి పెట్టాలి, రూలు చూపించలేనివాళ్లు కాపీ తీసుకోకూడదు. రెండోది, జిల్లా కలెక్టర్లు తమ చేతిలో ఉన్న పని, ఆన్‌లైన్లో నంబరు ఎక్కించాక కూడా దరఖాస్తు కింద "ఆధార్ జిరాక్స్ జతపరచవలెను" అని ఒక లైను ఉంటది చూడండి, దాన్ని ఫారాల్లోంచి తీయించాలి. దానికి కొత్త చట్టం అక్కర్లేదు, ఒక సర్క్యులర్ చాలు, మా సూర్యాపేట నుంచే మొదలుపెట్టినా సంతోషమే.

ఇట్లు,
ఒక జిరాక్స్ సెంటర్ నిర్వాహకుడు,
సూర్యాపేట
(పేరు ప్రచురించవద్దని మనవి)